కారులో రెండో బ్యాటరీ పెడుతున్నారా? ముందు ఫ్యూజుల లెక్క తేల్చుకోండి

బేస్ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు డిమ్ము కొడుతున్నాయంటే స్పీకర్ల సౌండు పెంచే యాంప్‌కు (యాంప్లిఫయర్‌కు) కరెంటు సరిపోవట్లేదు. దీనికి మన దగ్గర అందరూ చెప్పే మందు ఒక్కటే: "డిక్కీల ఇంకో బ్యాటరీ వెయ్ అన్నా, సెట్ అయితది." వేయొచ్చు, తప్పేం లేదు. కానీ రెండో బ్యాటరీ పెట్టడమంటే బండిలో నిప్పు పుట్టించగల చోటు ఇంకొకటి పెంచుకోవడమే. ఈ మాట మాత్రం జడ్చర్లలో అడిగినా, మిర్యాలగూడలో అడిగినా చెప్పేవాళ్లు తక్కువ. సీటు కవర్లు, ఫాగ్ లైట్లు అమ్మే షాపులోనే వూఫర్ కూడా బిగిస్తారు. పని బాగానే చేస్తారు. ఫ్యూజు దగ్గరికి వచ్చేసరికి "ముందొకటి ఉంది కదా, చాలు" అనేస్తారు. అది చాలదు. ఎందుకు చాలదో, ఎలా వేయాలో కింద రాస్తున్నాను.

అసలు రెండో బ్యాటరీ మీకు అవసరమా అన్నది ముందు చూసుకోండి. బ్యాటరీ కరెంటును దాచి పెడుతుంది, పుట్టించదు. పుట్టించేది ఆల్టర్నేటర్. ఇంజన్ నడుస్తుండగా యాంప్ సగటున లాగేది ఆల్టర్నేటర్ ఇవ్వగలిగే దానికంటే ఎక్కువైతే, ఎన్ని బ్యాటరీలు పెట్టినా అన్నీ కలిసి దిగిపోతాయి, కొంచెం ఆలస్యంగా దిగుతాయంతే. రెండో బ్యాటరీ పనికొచ్చే సందర్భాలు రెండే. ఒకటి, బేస్ పడ్డ క్షణంలో ఒక్కసారిగా కావాల్సిన కరెంటు యాంప్ పక్కనే దొరకడం. రెండోది, ఇంజన్ ఆపి పాటలు పెట్టుకోవడం. సోమశిలలో కృష్ణ ఒడ్డున బండి ఆపినా, పొలం దగ్గర దావత్ చేసుకున్నా, మళ్లీ బయల్దేరేటప్పుడు సెల్ఫ్ తీసుకోవాలి కదా.

ఇప్పుడు లెక్క. డబ్బా మీద రాసిన 4000 వాట్లు, 5000 వాట్లు పక్కన పెట్టి, మాన్యువల్‌లో ఆర్ఎంఎస్ వాట్లు (యాంప్ ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) ఎన్నో చూడండి. క్లాస్ డి యాంప్ తీసుకున్న కరెంటులో సుమారు 80 శాతం స్పీకర్‌కు ఇస్తుంది. పాత రకం క్లాస్ ఏబీ అయితే 60 శాతం అనుకోండి, మిగిలింది వేడిగా పోతుంది. వూఫర్‌కు 1500 వాట్ల మోనో యాంప్ ఉందనుకుందాం. 1500ను 0.8తో భాగిస్తే 1875 వాట్లు. దాన్ని ఇంజన్ నడుస్తున్నప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే 136 ఆంపియర్లు. డోర్ స్పీకర్లకు 400 వాట్ల ఏబీ యాంప్ ఉంటే అదింకో 48. మొత్తం 184. పాటలో ఎప్పుడూ ఫుల్ పవర్ వాడదు కాబట్టి సగటున ఇందులో మూడో వంతు, అంటే 60 ఆంపియర్లు అనుకోవచ్చు. మీ ఆల్టర్నేటర్ మీద ఎంత రాసుందో చూసి, ఏసీ, లైట్లు, ఇంజన్ కంప్యూటర్ తినే 30, 40 ఆంపియర్లు అందులోంచి తీసేయండి. మిగిలింది 60 కంటే తక్కువైతే బ్యాటరీ కొనే డబ్బులు ముందు ఆల్టర్నేటర్ మీద పెట్టండి.

ఇంజన్ ఆపి వింటే ఎంతసేపు వస్తుందన్నది కూడా ఇదే లెక్క. 65 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీని సగం కంటే కిందికి దించొద్దు. అంటే చేతిలో ఉన్నది 32 ఏహెచ్. ఫుల్ సౌండులో అది అరగంటకు మించి రాదు. రాత్రంతా మోగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అసలు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగించొద్దని 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది.

బ్యాటరీ ఎంపికలో తప్పటడుగు ఎక్కువగా పడేది ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడిన ట్యూబులర్ బ్యాటరీతో. "ఇంట్ల ఖాళీగా ఉంది, 150 ఏహెచ్ ఉంది" అని తెచ్చి డిక్కీలో పెడతారు. అది నిదానంగా, గంటల తరబడి ఇవ్వడానికి చేసిన బ్యాటరీ. బేస్‌కు కావాల్సినట్టు ఒక్క ఉదుటున ఇవ్వమంటే వోల్టేజీ పడిపోతుంది. పైగా అందులో ఉండేది నీళ్లలా కదిలే యాసిడ్. చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అద్దాలు మూసిన కారులో మనం కూర్చున్న చోట అది ఉండకూడదు. డిక్కీలో పెట్టాల్సింది సీలు వేసిన ఏజీఎం రకం, అందులో యాసిడ్ కదలకుండా గాజు పీచు పొరల్లో ఇంకి ఉంటుంది. దాన్ని కూడా పట్టీతో, బోల్టులతో రేకుకు బిగించాలి. ఇరవై కిలోల బరువు, సడన్ బ్రేక్ వేస్తే వెనక సీటు మీదికొస్తుంది.

లిథియం సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ముందు లెడ్ యాసిడ్ ఉంచి, వెనక లిథియం పెట్టి రెండింటినీ నేరుగా కలపకండి. రెండింటి వోల్టేజీలు వేరు, చార్జింగ్ తీరు వేరు. లిథియం ఆకలి మీద ఆల్టర్నేటర్‌ను పీల్చి పిప్పి చేస్తుంది. మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ (వెనక బ్యాటరీకి సరిపడే వోల్టేజీగా మార్చి, హద్దులో చార్జ్ చేసే డబ్బా) పెట్టాల్సిందే.

కేబుల్ దగ్గర డబ్బులు మిగిలించుకోకండి. రంగురంగుల ప్యాకెట్లలో వచ్చే "యాంప్ కిట్" తీగల్లో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసినవే. ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. ఇంకా తేలికైన పరీక్ష కిరాణా షాపు కాటా. 50 స్క్వేర్ ఎంఎం లావున్న అసలు రాగి తీగ మీటరుకు, పైన తొడుగు లెక్కలోకి తీసుకోకుండానే, 450 గ్రాముల దాకా తూగుతుంది. ఐదు మీటర్లు తూకం వేస్తే రెండు కిలోలు కూడా రాలేదంటే అది రాగి కాదు. ప్యాకెట్ తీగల కంటే వెల్డింగ్ కేబుల్ నయం. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ వెల్డింగ్ సామాను అమ్మే చోట దొరుకుతుంది, లేకుంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మీటర్ల లెక్కన కోసిస్తారు. సన్న పోగులు కాబట్టి మెత్తగా వంగుతుంది. వెల్డింగ్ కేబుల్‌లోనూ అల్యూమినియంది అమ్ముతారు, రాగిదే కావాలని అడగండి.

లావు ఎందుకో తెలియాలంటే, 100 ఆంపియర్లు ఐదు మీటర్ల రాగి తీగలో పోతున్నాయనుకోండి. 16 స్క్వేర్ ఎంఎం తీగలో అర వోల్టు పైన పోతుంది. 50లో పోయేది 0.17 మాత్రమే. ఆ పోయిన అర వోల్టు మాయమవదు, కార్పెట్ కింద వేడిగా మారుతుంది.

ఇక ఫ్యూజుల సంగతి.

"ఫ్యూజు యాంప్‌ను కాపాడుతది" అని అందరూ అనుకుంటారు. యాంప్‌కు దాని సొంత ఫ్యూజు ఉంటుంది. మనం బయట వేసే ఫ్యూజు కాపాడేది తీగను. కారు బ్యాటరీ ప్లస్ తీగ రేకుకు తగిలితే క్షణంలో వెయ్యి ఆంపియర్లు పైన పారతాయి. తీగ ఎర్రబడి, తొడుగు కరిగి, పక్కనున్న కార్పెట్, సీటు స్పాంజి అంటుకుంటాయి. అంతకంటే ముందే తెగిపోవడానికే ఫ్యూజు. అందుకే దాని సైజు తీగ లావును బట్టి ఉండాలి, సౌండును బట్టి కాదు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే మన జిల్లాల్లో నేను దాటనివ్వని హద్దులు ఇవి: 16 స్క్వేర్ ఎంఎం తీగకు 80 ఆంపియర్లు, 25కు 125, 35కు 150, 50కి 200. ఇవి అసలు రాగికి. పూత తీగ అయితే ఇందులో సగం కొంచెం పైన అనుకోండి. తక్కువ ఫ్యూజు వేసుకుంటే పోయేదేం లేదు, ఎక్కువ మాత్రం వేయొద్దు.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలి? బ్యాటరీ ప్లస్ నుంచి తీగ పొడవు కొలిచి 45 సెంటీమీటర్ల లోపు. ఎంత దగ్గరైతే అంత మంచిది. టెర్మినల్‌కూ ఫ్యూజుకూ మధ్య ఉన్న ముక్కకు కాపలా ఎవరూ లేరని గుర్తుంచుకోండి.

ఒకే బ్యాటరీ ఉన్నప్పుడు ముందు ఒక్క ఫ్యూజు సరిపోతుంది. వెనక రెండోది వచ్చాక సరిపోదు. ముందు నుంచి వెనక్కి పోయే తీగ డోర్ గడప కింద నుంచి వెళ్తుంది. ఏ సీటు బోల్టో, గడప స్క్రూవో అందులోకి దిగిందనుకోండి. ముందు ఫ్యూజు టప్పున పోతుంది, అది తన పని చేసింది. కానీ అదే తీగ రెండో కొస వెనక బ్యాటరీకి ఉంది కదా. అటువైపు ఫ్యూజు లేకపోతే ఆ బ్యాటరీ మొత్తం అదే రంధ్రంలోకి కక్కుతూనే ఉంటుంది. నేలలో రెండు బావుల నుంచి ఒకే పైపుకు నీళ్లొస్తుంటే ఒక్క వాల్వు కడితే పైపు ఆగుతుందా? రెండు కొసలా కట్టాలి. అందుకే రెండు బ్యాటరీల మధ్య నడిచే ప్రతి ప్లస్ తీగకూ రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి.

డిక్కీలో రెండు మూడు బ్యాటరీలు పక్కపక్కనే వరసగా పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ తీగలు జానెడే కదా అని ఫ్యూజులు మానేస్తారు. ఒక బ్యాటరీలో ఒక సెల్ లోపల షార్టయితే అది పదిన్నర వోల్టులకు పడిపోతుంది. పక్కనున్న మంచి బ్యాటరీలన్నీ దానిలోకి కరెంటు తోస్తాయి. అది ఉబ్బుతుంది, యాసిడ్ పొగలు వస్తాయి. ప్రతి బ్యాటరీ ప్లస్ దగ్గర దానికంటూ ఒక ఫ్యూజు ఉంటే ఆ చెడ్డది ఒక్కటే విడిపోతుంది. వరసలో ఇంకో కిటుకు: ప్లస్ మొదటి బ్యాటరీ నుంచి తీసుకుంటే మైనస్ చివరి బ్యాటరీ నుంచి తీసుకోండి. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే దాని మీదే భారం ఎక్కువ పడి ముందు అదే పోతుంది. అన్నీ ఒకే రకం, ఒకే ఏహెచ్, ఒకేసారి కొన్నవి అయి ఉండాలి.

మైనస్ తీగలో ఫ్యూజు పెట్టకండి. అది పోతే కరెంటు తిరిగి వచ్చే దారి వెతుక్కుంటూ స్టీరియో నుంచి యాంప్‌కు పాట మోసే సన్నటి ఆర్‌సీఏ తీగ పైపొరలోంచి స్టీరియోలోకి పోతుంది. ముందు కాలేది అదే.

ఇప్పుడు పైన చెప్పిన 1500, 400 వాట్ల సెట్‌కు మొత్తం వరస చూద్దాం. ముందు బ్యాటరీ ప్లస్, దాని పక్కనే 200 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత ఐసోలేటర్ రిలే, అక్కడి నుంచి వెనక్కి 50 స్క్వేర్ ఎంఎం తీగ. డిక్కీలో అది బస్‌బార్‌కు (తీగలన్నీ ఒకచోట కలిపే లోహపు పట్టీకి) చేరే చోట ఇంకో 200 ఫ్యూజు. వెనక బ్యాటరీ ప్లస్ నుంచి అదే బస్‌బార్‌కు 50 తీగ, దాని మొదట్లో 200 ఫ్యూజు. బస్‌బార్ నుంచి మోనోకు 35 తీగ, 150 ఫ్యూజు. డోర్ స్పీకర్ల యాంప్‌కు 16 తీగ, 60 ఫ్యూజు. ఫ్యూజులు ఏఎన్ఎల్ రకం (బోల్టులతో బిగించే పెద్ద పట్టీ ఫ్యూజులు) తీసుకోండి. గాజు గొట్టం రకం ఇంత కరెంటుకు పనికిరాదు.

ఐసోలేటర్ అంటే ఇంజన్ ఆగినప్పుడు రెండు బ్యాటరీలను విడదీసేది. వోల్టేజీని బట్టి పనిచేసే రకం మేలు. ఇంజన్ స్టార్టయి వోల్టేజీ 13.3 దాటాక కలుపుతుంది, 12.8కి పడగానే విడదీస్తుంది. మీరు చేసేదేం ఉండదు. ఇగ్నిషన్‌తో నడిచే సోలినాయిడ్ (కాయిల్‌తో కలిసే పెద్ద స్విచ్చు) అయినా సరే, కానీ సెల్ఫ్ మోటారుది తెచ్చి పెట్టకండి. అది కొన్ని సెకన్లు పట్టుకోవడానికి చేసింది, గంటసేపు ఆన్‌లో ఉంచితే కాయిల్ మాడుతుంది. 'కంటిన్యూయస్ డ్యూటీ' అని రాసున్నదే కొనండి. దాని కంట్రోల్ తీగకు 5 ఆంపియర్ల చిన్న ఫ్యూజు వేయడం మరవకండి.

కొత్త బీఎస్6 బండ్లలో ఇక్కడే చిక్కు. కొన్నింట్లో ఇంజన్ కంప్యూటర్ డీజిల్, పెట్రోల్ ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని ఇష్టమొచ్చినట్టు తగ్గించి పెంచుతుంది, రిలే కలవడం విడిపోవడం అలా జరుగుతూనే ఉంటుంది. వీటికీ డీసీ టు డీసీ చార్జరే దారి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ డబ్బా కనిపిస్తే మీ ఎర్తు తీగను ఆ టెర్మినల్‌కు కట్టకండి, బాడీకి కట్టండి. లేకుంటే ఎంత కరెంటు పోతోందో దానికి తెలియదు. సీటు కింద కంపెనీ ఇచ్చిన చిన్న లిథియం బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ బండి అయితే దాని జోలికి వెళ్లనే వద్దు.

పని మొదలుపెట్టే ముందు చేతి ఉంగరం, వాచీ, కడియం తీసేయండి. పానా ప్లస్ మీద ఉండి కడియం రేకుకు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. విప్పేటప్పుడు మైనస్ మొదట, బిగించేటప్పుడు మైనస్ చివర. రెండు బ్యాటరీలనూ విడివిడిగా ఫుల్ చార్జ్ చేసి, కాసేపు వదిలేసి, మల్టీమీటర్ పెట్టండి. రెండూ 12.6 పైన, దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి 12.7, ఇంకోటి 12.1 ఉండగా కలిపితే మొదటి నిమిషంలోనే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వరదే.

ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులోంచి తీగ వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. రంధ్రం చేసి అంచుల మీదే లాగేస్తే కోయిల్‌సాగర్ దాకా గతుకుల రోడ్డు మీద ఒక్కసారి పోయొచ్చేసరికి తొడుగు అరిగి కూర్చుంటుంది. తీగకు మడతల గొట్టం తొడగండి. కరెంటు తీగ ఒక గడప నుంచి, ఆర్‌సీఏ తీగలు ఇంకో గడప నుంచి తీసుకెళ్లండి, లేకుంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో 'కుయ్యి' మంటుంది. సీటు బోల్టులు, పెట్రోల్ పైపు ఎక్కడున్నాయో బండి కింద దూరి చూశాకే డ్రిల్లు పట్టండి.

తీగ కొసకు థింబుల్ (బోల్టుకు తగిలించే లోహపు గొట్టం ముక్క) వేయడం పనిలో అసలు నైపుణ్యం. సుత్తితో కొట్టి చదును చేసి టేపు చుడితే ఆర్నెల్లలో లూజవుతుంది. హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న ఎలక్ట్రికల్ షాపుకు తీగ ముక్కలు కొలిచి తీసుకెళ్తే వేసిస్తారు. తీగ పోగులు అన్నీ గొట్టంలోకి దూరాలి, బయట ఒక్కటీ మిగలొద్దు. వేశాక గట్టిగా గుంజి చూడండి, పైన హీట్‌ష్రింక్ తొడగండి.

వెనక బ్యాటరీ మైనస్, యాంప్‌ల మైనస్‌లు బాడీకి కట్టే చోట పెయింటు గీకి తెల్ల రేకు కనపడేదాకా రుద్దండి. సీటు బెల్టు బోల్టు వాడొద్దు. ప్లస్ ఎంత లావో మైనస్ అంతే లావు, పొడవు అరమీటరు లోపు. ముందు కూడా ఇంజన్ నుంచి బాడీకి, బ్యాటరీ మైనస్ నుంచి (సెన్సర్ డబ్బా ఉంటే దీన్ని వదిలేయండి) బాడీకి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు ఉన్న పాత సన్న తీగలకు తోడుగా లావు తీగలు వేయండి. కొత్తగా వేసిన ఆల్టర్నేటర్ తీగకు కూడా బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండాలి, ఆల్టర్నేటర్ రేటింగ్ కంటే కొంచెం పైన, తీగ హద్దు లోపల. ఈ ఒక్క పనికే లైట్లు డిమ్ము కొట్టడం ఆగిపోయిన బండ్లున్నాయి. అందుకే రెండో బ్యాటరీ కొనకముందే ఇది చేసి చూడమంటాను.

లారీ, డీసీఎం వాళ్లకు ఒక మాట. చాలా లారీల్లో రెండు బ్యాటరీలు సిరీస్‌లో, 24 వోల్టులకు ఉంటాయి. అందులో ఒక్కదాని నుంచి 12 వోల్టులు తీసి యాంప్‌కు ఇస్తే ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎప్పుడూ అజీర్తితో ఉంటాయి, రెండూ పోతాయి. 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ వాడండి. కారులో దీనికి ఉల్టా: ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు కలిపితే 24 వోల్టులొచ్చి యాంప్ కాలిపోతుంది. ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు. జాతరల్లో కనిపించే పెద్ద డీజే బండ్లు జనరేటర్ మీద 230 వోల్టులతో నడిచేవి, వాటి లెక్క పూర్తిగా వేరు.

అన్నీ బిగించాక ఫ్యూజులు ఇంకా పెట్టకుండానే, యాంప్ ప్లస్‌లు విప్పి ఉంచి, ప్రతి ప్లస్ తీగకూ బాడీకీ మధ్య మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి. మోగకూడదు. తర్వాత యాంప్‌లు కలపండి, మైనస్‌లు బిగించండి, ఫ్యూజులు పెట్టండి. యాంప్ ఫ్యూజు మొదటిసారి పెట్టేటప్పుడు చిటపటమని మెరుస్తుంది, లోపలి కెపాసిటర్లు నిండటం అది. మెరుపు వద్దనుకుంటే ఫ్యూజు బదులు ఆ రెండు కొసల మధ్య 12 వోల్టుల ఇండికేటర్ బల్బు పట్టుకోండి. బల్బు వెలిగి, మెల్లగా మసకబారి ఆరిపోతుంది. అప్పుడు ఫ్యూజు పెట్టండి. స్టీరియో ఆఫ్‌లో ఉన్నా బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఎక్కడో తప్పుంది, ఆగండి.

ఇంజన్ స్టార్ట్ చేసి బేస్ ఎక్కువున్న పాట పెట్టి, మల్టీమీటర్ ఎర్ర తీగ ముందు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ వెనక బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. నల్ల తీగ అంత పొడవు రాకపోతే సన్న తీగ ముక్క అతికించండి. అర వోల్టు లోపు చూపిస్తే పని బాగుంది. వెనక బ్యాటరీ నుంచి యాంప్ ప్లస్‌కు 0.2 దాటకూడదు. దాటితే ఒక్కో జాయింటు మీద, ఒక్కో ఫ్యూజు హోల్డర్ మీద పెట్టుకుంటూ రండి, ఎక్కడ తినేస్తోందో దొరుకుతుంది. అరగంట వాయించాక ఆపి చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒక్క థింబుల్ మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అది లూజు. చౌక ఫ్యూజు హోల్డర్లలో ప్లాస్టిక్ ముందు పసుపు రంగుకు తిరిగి, తర్వాత అంచు వంగుతుంది. ఫ్యూజు బాగానే ఉన్నా హోల్డర్ కరిగిందంటే కారణం ఎక్కువ కరెంటు కాదు, వదులు బోల్టు.

ఫ్యూజు పోతే? "తీసేసి డైరెక్ట్ కొట్టు, మంచిగ మోగుతది" అనేవాడు పక్కనే ఉంటాడు. వాడి మాట విని అక్కడ బోల్టు ముక్కో, 300 ఫ్యూజో పెట్టకండి. ఫ్యూజు మీద 200 అని ఉంటే 201కే టక్కున పోదు. కొంచెం ఎక్కువైతే నిమిషాలు భరిస్తుంది, షార్టయితేనే క్షణంలో పోతుంది. కాబట్టి పోయిన ఫ్యూజు కిటికీలోంచి చూడండి. పట్టీ మధ్యలో మెత్తగా కరిగి విడిపోతే ఓవర్‌లోడ్. లోపలంతా నల్లగా మసిపట్టి చిమ్మినట్టుంటే షార్ట్, తీగ మొత్తం తడిమి చూశాకే కొత్తది పెట్టండి. అదే రేటింగువి రెండు డ్యాష్‌బోర్డులో ఉంచుకోండి, అచ్చంపేట దాటి శ్రీశైలం అడవి రోడ్డెక్కాక అవి ఎక్కడా దొరకవు.

నెలకోసారి బోల్టులన్నీ పానాతో ఒకసారి పట్టి చూడండి, ఎండాకాలంలో రెండుసార్లు. పొద్దున స్టార్ట్ చేయకముందు వెనక బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.2 అంటే సగం ఖాళీ, 12 కిందికి తరచూ పోతుంటే దాని ఆయుష్షు కరుగుతోంది. బండి వారం పైగా తీయరనుకుంటే వెనక మైనస్ విప్పి, కొసకు టేపు చుట్టి, టెర్మినల్‌కు తగలకుండా పక్కకు వంచి పెట్టండి.